ట్యాబ్‌లు కొనేముందు ఒక పేరా చదివించండి

ప్రశ్న: మేం పన్నెండు మంది మిత్రులం. పేద దేశాల్లో పిల్లల చదువుకు మా వంతు సాయం చేద్దామని ఏడాదిగా కొంత డబ్బు పోగేశాం. ఏదైనా ప్రాథమిక పాఠశాలకు ట్యాబ్‌లు కొనిద్దామని ఎక్కువమంది అంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. ఏం చేస్తే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: ట్యాబ్‌లతో నాకు పగేమీ లేదమ్మా. కానీ మీ అనుమానం సరైనదే. పెరూ దేశంలో పల్లెబడుల పిల్లలకు పెద్దఎత్తున ల్యాప్‌టాప్‌లు పంచారు. 319 బడుల్లో పరిశీలించి చూస్తే, పదిహేను నెలల తర్వాత కూడా లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదు. కెన్యాలో పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇస్తే, అప్పటికే బాగా చదివే పిల్లలకే లాభం కలిగింది. ఆ పుస్తకాలు ఇంగ్లిషులో ఉన్నాయి. మిగతా పిల్లలకు అవి చదవడమే రాలేదు, ఇక నేర్చుకునేదేముంది?

బడికొచ్చే పిల్లలకు చదవడమే రాకపోవడం నాకు పుస్తకాల వల్ల మాత్రమే తెలిసిన సంగతి కాదు. ముప్పై ఏళ్లు చిన్న తరగతులకు పాఠాలు చెప్పాను. నాలుగో తరగతిలో ఒకడుండేవాడు. చదవమంటే పుస్తకం తెరిచి, గుక్క తిప్పుకోకుండా చదివేసేవాడు. తనిఖీకి ఎవరొచ్చినా వాణ్నే లేపేవాణ్ని. ఒకరోజు గాలికి పేజీ తిరిగిపోయింది. వాడు చూసుకోలేదు. నోరు పాత పేజీలోని పాఠం చెబుతూనే ఉంది, వేలు మాత్రం కొత్త పేజీలోని బొమ్మ మీద పాకుతోంది. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రం కూర్చోబెట్టి చూస్తే, వాడికి గుణింతాలే రావు. పక్కవాళ్లు చదువుతుంటే విని మొత్తం కంఠతా పట్టాడు. హాజరుపట్టీలో మాత్రం వాడు ఒక్కరోజు కూడా మానలేదు. సిలబస్ అయిపోవాలనే టెన్షన్‌లో ఉన్న నాకు ఇదేం కనబడలేదు. తప్పు నాదే.

అందుకే చెబుతున్నాను, బడికి రావడం వేరు, చదువు రావడం వేరు. మీ డబ్బు రెండోదానికి వెళ్లాలి.

'ప్రథమ్' అనే సంస్థ ముంబయి, వడోదరల్లో 2000ల మొదట్లో ఒక పని చేసింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పిల్లల్ని రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, చుట్టుపక్కల ఉండే చదువుకున్న అమ్మాయిలచేత మొదటినుంచి నేర్పించింది. ఆ అమ్మాయిల్ని బాలసఖులన్నారు. వాళ్లకిచ్చిన శిక్షణ రెండు వారాలే. అయినా పిల్లలు ముందుకొచ్చారు. దాన్ని పరీక్షించి చూసిన ఆర్థికవేత్తల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది. తర్వాత ఆఫ్రికాలో జాంబియా ప్రభుత్వం కూడా ఇలాంటి పద్ధతినే తన బడుల్లోకి తీసుకుంది.

పద్ధతి చాలా తేలిక. పిల్లలకు వచ్చిన భాషలోనే ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఒక బుల్లి కథ రాసుకోవాలి. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చదివించాలి. మనిషికి ఐదు నిమిషాలు చాలు. అక్షరాల దగ్గర ఆగినవాళ్లంతా ఒక గుంపు, మాటల దగ్గర ఆగినవాళ్లు ఇంకో గుంపు. రోజూ గంటా రెండు గంటలు ఏ తరగతి అన్నది మర్చిపోయి, ఏ గుంపుకు ఆ గుంపుకు ఆగిన చోటినుంచి నేర్పాలి. ఐదో తరగతి పిల్లకు రెండో తరగతి పిల్లాడి పక్కన కూర్చోవడం మొదట్లో సిగ్గుగానే ఉంటుంది. ఆట కలిపితే రెండు రోజుల్లో పోతుంది.

అసలు పిల్లలు బడికే రాకపోతే మాత్రం కారణం వేరే వెతకాలి. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లకు డబ్బిచ్చాక, హైస్కూల్లో చేరే అమ్మాయిలు సుమారు 30 శాతం పెరిగారు. అక్కడ అడ్డం దూరం. కెన్యాలో కడుపులో నులిపురుగులకు మందు వేస్తే గైర్హాజరు పావువంతు తగ్గింది. ఆ మందు ఖరీదు ట్యాబ్‌తో పోల్చుకునేదే కాదు.

ఇక మీ మిత్రులకు ఒక మాట చెప్పండి. డబ్బు ఏ సంస్థకు ఇవ్వబోతున్నారో వాళ్లను ముందు ఒక్కటే అడగండి: పోయిన ఏడాది మొదట్లో ఎంతమంది పేరా చదివారు, చివర్లో ఎంతమంది చదివారు? జవాబుగా రిబ్బన్ కత్తిరించిన ఫొటోలు వస్తే, వేరే సంస్థను చూసుకోండి.