ఎత్తు మీద పనికి వెళ్లే ముందు

ఒరే చిన్నా,

వచ్చే వారం నుంచి పరంజాల మీద పని అని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నేను ముప్పై ఏళ్లు ఎత్తుల మీదే బతికినవాణ్ణి, అందుకని ఈ చాదస్తం. విసుక్కోకుండా చదువు.

నన్ను పడేసింది పదో అంతస్తు కాదురా, నిచ్చెన. రెండున్నర మీటర్లు. జారుతున్నానని తెలిసేలోపే కింద ఉన్నాను. తర్వాత లెక్కేసుకుంటే అదంతా 0.7 సెకను, నేల తగిలేసరికి వేగం గంటకు 25 కిలోమీటర్లు. నిలువునా కాళ్ల మీదే పడ్డాను, కుడి మడమ నలిగింది. ఆస్పత్రిలో డాక్టరు మడమ చూసి వదిలెయ్యలేదు. నన్ను పక్కకి తిప్పించి వెన్నులో ఒక్కో పూసా వేలితో నొక్కుకుంటూ వచ్చాడు. నొప్పి కాల్లో కదండీ అంటే, ఆ దెబ్బ నడుము దాకా ఎక్కుతుందయ్యా అన్నాడు. ఎక్స్‌రేలో నిజంగానే ఒక పూస చిట్లి ఉంది.

బక్కగా ఉన్నాను, తేలిగ్గా పడతాననుకోకు. ఈ ఎత్తుల్లో లావువాడూ సన్నవాడూ ఒకే వేగంతో పడతారు. పది మీటర్ల నుంచైతే గంటకు 50 కిలోమీటర్లు. ఆ వేగం ఎంత దూరంలో చస్తుందన్నదే అసలు లెక్క. పది సెంటీమీటర్లలో ఆగితే ఒంటి మీద సగటున నీ బరువుకి వంద రెట్ల దెబ్బ. అదే ఒక మీటరులో ఆగితే పదకొండు రెట్లు. లాన్యార్డ్‌కి, అంటే వీపు దగ్గర బెల్టుని హుక్‌కి కలిపే తాడుకి, మడతపెట్టి కుట్టిన పట్టీ ఉంటుంది చూశావా, దాని పని ఇదే. కుట్లు ఒక్కొక్కటే తెగుతూ నిన్ను నెమ్మదిగా ఆపుతాయి. ఒకసారి తెగిన పట్టీని ఎవరిచ్చినా తీసుకోకు.

హుక్ ఎప్పుడూ తలకి పైనే తగిలించు. పాదాల దగ్గర తగిలిస్తే 1.8 మీటర్ల తాడు బిగిసేలోపే మూడు మీటర్లు దాటి పడతావు. ఆపైన పట్టీ సాగాలి. నాలుగు మీటర్ల పరంజా మీద అలా కట్టుకున్న బెల్టు ఉన్నా లేనట్టే, తాడు పూర్తిగా ఆపేలోపే నేల వచ్చేస్తుంది.

ఆపినా గండం గడవలేదు. కదలకుండా వేలాడుతుంటే రక్తం కాళ్లలోకి దిగి నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు. ఎక్కే ముందే మేస్త్రీని అడుగు, నేను వేలాడితే దించేదెవరు, దేంతో అని. నవ్వితే నవ్వనీ.

కింద నీళ్లున్నాయిగా అనేవాళ్లుంటారు. ముప్పై మీటర్ల నుంచి పడితే గంటకు 87 కిలోమీటర్లు, అంత వేగానికి నీళ్లు పక్కకి తప్పుకోలేవు. 1972లో వెస్నా వులోవిచ్ అనే ఎయిర్ హోస్టెస్ పది వేల మీటర్ల నుంచి పడి బతికింది కదా అని ఇంకొకడంటాడు. ఆవిడ ఒంటరిగా పడలేదు, విమానం ముక్కలో ఇరుక్కుని మంచు కప్పిన కొండవాలు మీద పడింది. అయినా పుర్రె, వెన్ను, కాళ్లు విరిగాయి.

పక్కవాడు పడితే లేపి కూర్చోబెట్టకు, మెడ కదపకు. వాడే లేచి ఏం కాలేదన్నా ఆస్పత్రికి పంపు, లోపల కాలేయమో ప్లీహమో చిట్లి రక్తం కారుతున్నా పైకి కనపడదు.

ఆదివారం ఫోన్ చేస్తా. అప్పటికి నీకిచ్చిన లాన్యార్డ్ పొడవు కొలిచి ఉంచు.

మావయ్య