చైనాలో తిండి, భాష, డబ్బు: చెంగ్డులో ఉన్నవాడిగా నా సమాధానం

మీరు అడిగినవి మూడు. చైనాలో ఉద్యోగానికి వెళ్ళే తెలుగువాడు అక్కడి తిండితో నెగ్గుకు రాగలడా, ఆ భాష మనకు పట్టుబడుతుందా, చైనావాళ్ళు డబ్బు మనుషులన్న మాటలో నిజమెంత అని. గుంటూరు నుంచి ఎండు మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థ తరఫున నేను కొన్నేళ్ళు సిచువాన్ రాష్ట్ర రాజధాని చెంగ్డులో ఉన్నాను. కనుక నాకు తెలిసినది ఆ ప్రాంతం. గ్వాంగ్జౌలోనో బీజింగులోనో ఉన్నవారు వేరుగా చెప్పవచ్చు. నా అనుభవంలో ఈ మూడు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడినవే. వాళ్ళతో కలిసి భోజనానికి కూర్చోకుండా, బేరంలో అంకెలు వాళ్ళ భాషలోనే వినకుండా, డబ్బు విషయంలో వాళ్ళు ఎందుకలా ఉంటారో బయటివాడికి తెలియదు.

ముందుగా తిండి. మిరపకాయ మనకూ సిచువాన్‌కూ కూడా బయటినుంచి వచ్చిన పంటే. అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో సముద్రం దాటిన ఆ కాయను రెండు ప్రాంతాలూ తమ సొంతం చేసుకున్నాయి, కానీ వాడే పద్ధతి వేరు. మనం కాయను కారంగా కొట్టి కూరలో, పచ్చడిలో, వేడి అన్నంలో నేరుగా తింటాం. వాళ్ళు ఎండు కాయను ముక్కలు చేసి నూనెలో వేయించి, దాని వాసనను, ఎరుపును నూనెకు ఎక్కించి, కాయను మాత్రం పళ్ళెంలో వదిలేస్తారు. చోంగ్‌చింగ్ కోడి వేపుడు తెప్పించుకుంటే ఎర్రటి మిరపకాయల గుట్టలో కోడి ముక్కలు వెతుక్కోవలసి వస్తుంది. ఆ గుట్టను చూసి భయపడనవసరం లేదు, మన గోంగూర పచ్చడి తినే నాలుకకు అందులోని కారం ఎక్కువేమీ అనిపించదు. కొత్తగా తోచేది హ్వాచియావ్ అనే గింజ. కొంకణ తీరంలో చేపల కూరలో వేసే తిర్ఫల్‌కు ఇది దగ్గరి బంధువు. నాలుకనూ పెదవులనూ తిమ్మిరెక్కించే దాని గుణం మొదట్లో ఇబ్బంది పెడుతుంది, అలవాటైన తరువాత అది లేని వంట చప్పగా తోస్తుంది.

మీరు శాకాహారి అయినా, గొడ్డుమాంసం తినని ఇంటివారైనా ఒక సంగతి ముందే తెలుసుకోండి. సిచువాన్ హాట్‌పాట్ అంటే బల్ల మీద మరుగుతున్న రసంలో ఎవరికి వారు ముక్కలు ఉడికించుకుని తినే భోజనం, ఎర్రగా మరిగే ఆ రసానికి సంప్రదాయంగా వాడేది గొడ్డు కొవ్వు. అందులో మీరు కూరగాయలే ఉడికించుకున్నా ఆ కొవ్వు తప్పదు. ఆవనూనె వంటి మొక్క నూనెతో చేసిన రసం కావాలంటే ‘ఛింగ్ యోవ్’ అని ప్రత్యేకంగా అడగాలి, లేదా మధ్యలో గోడ ఉన్న పాత్ర తెప్పించుకుని కారం లేని పక్క రసం దేనితో చేశారో అడగాలి. అదే విధంగా పేరుకు సోయా పనీరు కూర అయిన మాపో టోఫులో గొడ్డుమాంసం తరుగు వేయడం పాత పద్ధతి. నేను మాంసం తిననని చెబితే ముక్కలు తీసేసి తెచ్చిపెట్టేవారున్నారు. నేను శాకాహారిని అన్న అర్థం వచ్చే ‘వో ఛ్ర్ సూ’ అన్న మాట దానికంటే నయం, ఎందుకంటే అది బౌద్ధుల ఆహార నియమాన్ని గుర్తు చేస్తుంది. పెద్ద బౌద్ధ ఆలయాల్లో శాకాహార భోజనశాలలు ఉంటాయి, అక్కడ నిశ్చింతగా తినవచ్చు.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించినది వాళ్ళ ఊరగాయ. ఇంటింటా ఒక మట్టి జాడీ ఉంటుంది. దాని మూతి చుట్టూ చిన్న కాలువ, ఆ కాలువలో నీళ్ళు, ఆ నీళ్ళలో బోర్లించిన మూత. లోపల ఉప్పునీటిలో ముల్లంగి, క్యాబేజీ, పచ్చి మిరపకాయలు పులుస్తుంటే గాలి బుడగలుగా బయటికి పోతుందే తప్ప బయటి గాలి లోపలికి రాదు. నూనె తేలేలా పోసి ఆవకాయను కాపాడే మన పద్ధతికీ నీటి కాలువతో కాపాడే వాళ్ళ పద్ధతికీ ఉద్దేశం ఒకటే. ఉదయం పూట పలుచని గంజిలాంటి అన్నంతో ఆ ఊరగాయ నంజుకుంటారు. చద్దన్నం తిన్నవారికి ఆ రుచి పరాయిగా తోచదు. చెంగ్డు పక్కనే ఉన్న పీషియన్‌లో బాకలా గింజలు, మిరపకాయలు కలిపి మట్టి కుండల్లో నెలల తరబడి ఎండకూ మంచుకూ పెట్టి, కలియబెడుతూ మాగబెట్టే ముద్ద ఒకటుంది. సిచువాన్ కూరలకు ప్రాణం అదే. ఆ ముద్ద ఒక సీసా, ఆవనూనె, వెల్లుల్లి ఇంట్లో ఉంటే మన వంకాయ కూర కూడా ఇంపుగా వండుకోవచ్చు.

ఇక భాష. తెలుగు మాతృభాషగా ఉన్నవారికి చైనీస్ ఉచ్చారణలో ఒక పెద్ద సౌలభ్యం ఉంది, దీన్ని తరగతి గదుల్లో ఎవరూ చెప్పరు. 1958లో చైనా ప్రభుత్వం ఆమోదించిన పిన్‌యిన్ అనే రోమన్ లిపి పద్ధతిలో బి, పి అని రాసే ధ్వనులకు తేడా ఊపిరి బలంలోనే ఉంటుంది. అంటే బి అని రాసినది మన ‘ప’, పి అని రాసినది ఒత్తు పలికే ‘ఫ’. అలాగే డి, టి అన్నవి ‘త’, ‘థ’లకు, జి, కె అన్నవి ‘క’, ‘ఖ’లకు దగ్గర. మన పత్రికలు చెంగ్డు అని రాసే ఊరిని ఊరివాళ్ళు ‘ఛెంగ్‌తూ’ అని పలుకుతారు. వర్ణమాలలో ఒత్తులు నేర్చుకున్నవారికి ఇది ఒక పూటలో అర్థమయ్యే సంగతి. జెడ్ అని రాసే ధ్వని కూడా మనకు కొత్తది కాదు, ‘చాలు’, ‘చాప’ అన్నప్పుడు నాలుక పళ్ళకు తగిలి పలికే దంత్య చకారమే అది. రోమన్ అక్షరాలను ఇంగ్లీషులో చదివినట్లు చదవడం మానుకుని తెలుగు అక్షరాల్లో రాసుకుంటే ఉచ్చారణ త్వరగా కుదురుతుందని నా గట్టి నమ్మకం.

స్వరాల విషయంలో, అంటే మాటను పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాల విషయంలో, మాత్రం మనకు ఏ సౌలభ్యమూ లేదు. మనం ప్రశ్న అడిగినప్పుడు వాక్యం చివర గొంతు లేపుతాం; అక్కడ గొంతు లేస్తే మాటే మారిపోతుంది. కొనడానికీ అమ్మడానికీ వాళ్ళు వాడే మాటలు రెండూ ‘మాయ్’ అనే వినిపిస్తాయి, గొంతు కిందికి దిగి తిరిగి లేస్తే కొనడం, ఒక్కసారిగా పడితే అమ్మడం. వ్యాపారంలో ఉన్నవాడికి ఈ ఒక్క జంట చాలు, స్వరాలను ఎందుకు శ్రద్ధగా నేర్చుకోవాలో తెలుస్తుంది. పదాలను విడిగా బట్టీ పట్టకుండా, సంతలో విన్న చిన్న వాక్యాలను రాగంతో సహా అప్పజెప్పుకోవడం నాకు ఉపకరించింది. లిపికి భయపడవద్దు. వేపడం, కాల్చడం, నూనెలో వేయించడం వంటి చాలా వంట మాటల్లో నిప్పు గుర్తు ఎడమవైపు కనిపిస్తుంది. హోటల్ పట్టికతో చదువు మొదలుపెడితే ఆకలే నేర్పుతుంది. విదేశీయుల చైనీస్ భాషా జ్ఞానాన్ని కొలిచే హెచ్ఎస్‌కె పరీక్ష పాత పద్ధతిలో నాలుగో మెట్టుకు 1200 పదాలు అడిగేవారు. ఉద్యోగంలో రోజువారీ సంభాషణకు ఆ మాత్రం చాలు.

అయితే తరగతిలో నేర్చిన భాషతో మార్కెట్‌కు వెళ్తే మొదట ఏమీ అర్థం కాదు. సిచువాన్ యాసలో ‘ష’ పలకవలసిన చోట ‘స’ పలుకుతారు, ‘న’, ‘ల’ కలిసిపోతాయి. ప్రామాణిక భాషలో 4కూ 10కీ మొదటి ధ్వనిలోనూ స్వరంలోనూ తేడా ఉంటే, అక్కడ స్వరం ఒక్కటే తేడా. అందుకే బేరం చేసేటప్పుడు నోటితో పాటు వేళ్ళూ చూపిస్తారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే 6, రెండు చూపుడువేళ్ళు ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెడితే 10. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడే మన రైతుల పద్ధతి చూసినవాడు దీన్ని ఇట్టే పట్టుకుంటాడు. ఇంకొక జాగ్రత్త: చిల్లర మార్కెట్‌లో ధర చెప్పేది కిలోకు కాదు, అరకిలోకు. పెద్ద మొత్తాలను పదివేల లెక్కన, అంటే ‘వాన్’లలో చెబుతారు. ఇంగ్లీషు మిలియన్ల ద్వారా లెక్కవేసేవారు ఇక్కడ తడబడతారు. మనకు పది వాన్‌లంటే లక్ష, వెయ్యి వాన్‌లంటే కోటి అని గుర్తుంటే సరిపోతుంది.

డబ్బు మనుషులన్న మాటకు వస్తాను. ఆ మాట అనేవారు వాళ్ళ బేరాన్ని చూసి అంటారు, బేరం గట్టిదే. మా తేజ రకం మిరపకాయ నమూనా ఇస్తే కొనుగోలుదారు ముందు కాయను చెవి దగ్గర ఊపి గింజల చప్పుడు వింటాడు, తొడిమ దగ్గర విరిచి లోపల బూజు ఉందేమో చూస్తాడు, గింజలు అరచేతిలో పోసుకుని వాసన చూస్తాడు. తరువాత కిలోకు అర యువాన్ కోసం గంటసేపు వాదిస్తాడు. అదే మనిషి ఆ సాయంత్రం భోజనానికి తీసుకువెళ్ళి, పదిమంది తినేంత తెప్పించి, బిల్లు కట్టడానికి ఇంకొకరితో తోపులాడతాడు. ఈ రెంటినీ వైరుధ్యంగా చూడకూడదు. బేరంలో పోయిన డబ్బు అసమర్థత కింద లెక్క, భోజనంలో పెట్టిన డబ్బు సంబంధం కింద జమ. మీరు మద్యం తాగనివారైతే టీ గ్లాసు ఎత్తి, మద్యానికి బదులు టీ అని చెప్పే అలవాటు వాళ్ళకూ ఉంది, ఎవరూ చిన్నబుచ్చుకోరు. తరువాతి సారి బిల్లు మీరు కట్టాలన్నది మాత్రం మరవవద్దు.

పెళ్ళికి పిలిస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒకరు ఎర్ర కవర్లు అందుకుంటారు, పక్కనున్నవారు పేరు, మొత్తం ఒక పుస్తకంలో రాస్తారు. మన చదివింపుల పుస్తకం చూసినవారికి కొత్తేమీ కాదు. ఆ కుటుంబంలో తరువాతి శుభకార్యానికి ఆ పుస్తకం తీసి చూసి, అందినదానికి తగ్గకుండా తిరిగి ఇస్తారు. మనకు 116, 1116 శుభమైనట్లు వాళ్ళకు 600, 800 శుభం. 4 ఉన్న మొత్తం ఇవ్వరాదు.

పొదుపు గురించి నేను కొంచెం గట్టిగానే చెప్పదలచాను, ఎందుకంటే పిసినారితనమని కొట్టిపారేయడం అన్యాయం. చైనాలో కుటుంబాలు పెట్టే వినియోగ ఖర్చు దేశ స్థూల ఉత్పత్తిలో సుమారు 40 శాతం, మన దేశంలో అది 60 శాతం దగ్గర ఉంటుంది. ఈ తేడాను మనుషుల స్వభావంతో వివరించలేం. 1990ల చివర్లో ప్రభుత్వ సంస్థల నుంచి కోట్లమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఉద్యోగంతో పాటు ఇల్లు, వైద్యం, పింఛను చూసుకునే వ్యవస్థ కూడా వాళ్ళ చేతుల్లోంచి జారిపోయింది. 1998లో సంస్థలు ఉద్యోగులకు ఇళ్ళు ఇవ్వడం ఆపించి, ఇళ్ళను మార్కెట్‌కు వదిలారు. ప్రభుత్వ నివాస నమోదు పల్లెలో ఉన్న మనిషి పట్నంలో ఎన్నేళ్ళు పనిచేసినా పిల్లల బడి, ఆసుపత్రి ఖర్చుల విషయంలో పట్నవాసితో సమానం కావడం కష్టం. 1980 నుంచి 2015 దాకా నడిచిన ఒకే సంతానం విధానం వల్ల ఇవాళ ఒక యువ జంట మీద నలుగురు ముసలివాళ్ళ బాధ్యత ఉంది. ఇన్ని చూసినవాళ్ళు రేపటి కోసం దాచుకోక ఏం చేస్తారు? మా ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ మధ్యాహ్న భోజనం ఇంటినుంచి డబ్బాలో తెచ్చుకునేది, కొడుకు పెళ్ళి నాటికి ఫ్లాట్ ముందస్తు సొమ్ము కట్టాలని. అక్కడ కన్యాశుల్కం లాంటిది మగపెళ్ళివారే ఇచ్చుకోవాలి, ఇల్లూ వాళ్ళే చూపించాలి. చెంగ్డులోని పీపుల్స్ పార్కులో పెళ్ళి సంబంధాల మూలకు వెళ్తే తల్లిదండ్రులు వేలాడదీసిన కాగితాల మీద వయసు, ఎత్తు, చదువు తరువాత వచ్చే వరుస ఇల్లే.

అదే పార్కులో 1923 నాటి హమింగ్ టీ శాల ఉంది. మూత ఉన్న పింగాణీ కప్పులో ఒక టీ తెప్పించుకుని, వేడినీళ్ళు పోయించుకుంటూ పూటంతా కూర్చుంటారు. ఆ చెంగ్డే ప్రపంచంలో తొలి కాగితం డబ్బు పుట్టిన చోటు కూడా. సిచువాన్‌లో ఇనుప నాణేలు మోయలేక వర్తకులు మొదలుపెట్టిన చియావ్‌చ అనే పత్రాలను సోంగ్ రాజవంశపు ప్రభుత్వం 1024లో తానే జారీ చేసింది. డబ్బును అంత కాలంగా ఎరిగినవాళ్ళు తీరిక విలువ కూడా ఎరుగుదురని నాకు అక్కడే తెలిసింది.

యువత ఆలోచన మారుతోంది. 2021 తరువాత ఇళ్ళ ధరలు పడిపోవడం, కట్టడం ఆగిపోయిన ఫ్లాట్లకు 2022లో చాలామంది వాయిదాలు కట్టబోమనడం, 2023 జూన్‌లో పట్నాల్లో యువత నిరుద్యోగం 21.3 శాతానికి చేరడం చూసినవారు ఇల్లు కొనడమే జీవితలక్ష్యమన్న తల్లిదండ్రుల మాటను ఇప్పుడు ప్రశ్నిస్తున్నారు. మీతో పనిచేసేవారు ఈ తరం వారే అయి ఉంటారు, కనుక పాత తరాన్ని చూసి ఏర్పరచుకున్న అభిప్రాయంతో వెళ్ళవద్దు.

మీకు నేరుగా సంబంధించిన డబ్బు సంగతి ఒకటి మిగిలింది. చైనాలో పనిచేసే విదేశీయులు కూడా సామాజిక బీమా కట్టాలన్న నిబంధన 2011 నుంచి ఉంది. పింఛను పద్దులో ఉద్యోగి వాటా జీతంలో 8 శాతం. దేశం విడిచి వచ్చేటప్పుడు మీ సొంత ఖాతాలో జమ అయిన భాగాన్ని దరఖాస్తు పెట్టుకుని వెనక్కి తీసుకోవచ్చు. నియామక పత్రంలో జీతం అంకె చూసేటప్పుడు అది ఈ కోతకు ముందుదా తరువాతదా అని అడగండి, ఆ జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.