నడుం దగ్గర దాక్కున్న బరువు

అమ్మడూ,

వజ్రం కొనేటప్పుడు చూడాల్సినవాటిలో కలర్, క్లారిటీ అర్థమయ్యాయి గానీ కట్ దగ్గరే బుర్ర తిరుగుతోందని రాశావు. తిరగనీ, తిరగాల్సింది అక్కడే. రంగూ మచ్చలూ రాయితో పుట్టినవి. కట్ మాత్రం సానపట్టిన మనిషి చేతిపని. ముడిరాయిలో బరువు ఎంత మిగిలితే అంత డబ్బు, మెరుపు కోసం చెక్కితే ఆ బరువు పోతుంది. అతను ఎటు మొగ్గాడో కనిపెట్టడమే నీ పని.

నేను మొదటిసారి కొన్నప్పుడు బరువు 'ఒక క్యారెట్' అన్న మాటకే పడిపోయాను. ఇంటికొచ్చి కొలిస్తే వెడల్పు 6.2 మిల్లీమీటర్లు. సరిగ్గా కోసిన గుండ్రటి రాయి ఆ బరువుకి 6.4, 6.5 దాకా వస్తుంది. నాది పైనుంచి 0.90 క్యారెట్ రాయంతే కనిపించేది. పక్కకి తిప్పితే తెలిసింది సంగతి: నడుం, అంటే గర్డిల్, దళసరిగా ఉంది, అడుగు బొంగరంలా దిగిపోయింది. ఎవరికీ కనపడని ఆ బరువుకి కూడా డబ్బు కట్టి వచ్చాను. మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

పైన పడిన వెలుగు అడుగు పలకలకి తగిలి, ఎదుటి పలకలకి తగిలి, మళ్ళీ పైకే రావాలి. అడుగు మరీ లోతైతే ఆ వెలుగు పైకి రాకుండా జారిపోయి నడిమధ్య నల్లగా కనిపిస్తుంది. మరీ పల్చనైతే టేబుల్, అంటే పైనున్న చదునైన పెద్ద పలక, దాని లోపల బూడిదరంగు వలయం తేలుతుంది, చేపకన్నులా. ఒక్కసారి చూశావంటే ఇక జన్మలో మర్చిపోవు.

గుండ్రటి రాయికి నేను వడపోతకి వాడే అంకెలివి: రాయి వెడల్పులో టేబుల్ 54-58 శాతం, మొత్తం లోతు 59-62.5 శాతం, క్రౌన్ (నడుం పైభాగం) కోణం 34-35 డిగ్రీలు, పెవిలియన్ (నడుం కింది భాగం) కోణం 40.6-41. క్రౌన్ కాస్త నిటారుగా ఉంటే పెవిలియన్ కాస్త తగ్గాలి. రెండూ పై అంచునే ఉంటే నేను పక్కన పెట్టేస్తాను, సర్టిఫికెట్ మీద ఎక్సలెంట్ అని ఉన్నా సరే. వజ్రాలని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే జీఐఏ సంస్థ 2006 నుంచి గుండ్రటి రాళ్ళకి ఇస్తున్న ఆ గ్రేడులో చాలా వెడల్పైన పరిధి ఇమిడి ఉంది, అందులో అన్నీ ఒక్కలా మెరవవు. ఓవల్, పియర్ ఆకారాలకి ఈ అంకెలు పనికిరావు. వాటిలో నడుమ అడ్డంగా నల్లటి బో-టై నీడ ఎంతుందో కంటితో చూసుకోవాల్సిందే.

ఇక షాపులో స్పాట్ లైట్ల కింద గాజుపెంకు కూడా మెరుస్తుంది, ఆ మెరుపుని లెక్కలోకి తీసుకోకు. ముందు రాయిని తుడిపించు. వజ్రానికి వేలి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది, జిడ్డు పట్టిన మంచి రాయి కూడా నీరసంగా కనిపిస్తుంది. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళు, నేరుగా ఎండ పడకూడదు. బల్ల కిందికి వంగి ఆ నీడలో కూడా చూడు, వాళ్ళు నవ్వితే నవ్వనీ. రెండు రాళ్ళు పక్కపక్కన పట్టుకుని మెల్లగా ఊపు. వెలుగూ నీడా చకచకా చోటు మారుతుండాలి. ఏ వైపు వంచినా ఒకేచోట చీకటి కదలకుండా కూర్చుంటే ఆ రాయి వద్దు.

నచ్చినవాటి సర్టిఫికెట్లు ఫోటో తీసి పంపు. మిల్లీమీటర్ల గడి స్పష్టంగా పడేలా తీయి, నేను ముందు చూసేది దాన్నే.

మీ పెదనాన్న