అడుగున రాగి లేచిపోయింది, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: ‘5 పొరల రాగి–స్టీలు ఫ్రైయింగ్ ప్యాన్’ అని ఉంటే ఆన్‌లైన్‌లో కొన్నాను. పెనాన్ని అడ్డంగా కోసి, మధ్యలో రాగి పొర ఉన్నట్టు ఫొటో కూడా పెట్టారు. నాలుగు నెలలకే అడుగున రాగి రంగు మచ్చలు మచ్చలుగా లేచి, కింద తెల్లగా స్టీలు బయటపడింది. అడిగితే రిటర్న్ గడువు 7 రోజులే అన్నారు, పైగా నేనే సరిగా వాడలేదట. నాకేమైనా దారి ఉందా? ఈసారి కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: దారి ఉందండీ. ముందు ఒక్క పని చేయండి, ఆ పెనాన్ని ఇక తోమకండి. ఇదివరకు ఒకావిడ ఇలాంటి గిన్నెనే పట్టుకొచ్చారు. లాయరు ముందు మురికిది ఏం పెడతాంలే అనుకుని ఇనుప పీచుతో తళతళలాడేలా తోమి మరీ తెచ్చారు. మిగిలిన కాస్త పూతతో పాటు మా సాక్ష్యమూ సింకులో కొట్టుకుపోయింది. ఉన్నది ఉన్నట్టుగా ఫొటోలు తీసి, పెనాన్ని పెట్టెతో సహా పక్కన పెట్టండి. అమ్మకపు పేజీని, ముఖ్యంగా ఆ కోత ఫొటోని, ఈరోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి. రేపటికి అది మారిపోవచ్చు.

రాగి నల్లబడటం, స్టీలు మీద నీలిరంగు చారలు రావడం లోహాల స్వభావం. వాటి మీద ఫిర్యాదు నిలవదు. మీది వేరు. అడుగున నిజంగా రాగి రేకే ఉంటే మచ్చ కింద మళ్లీ రాగే కనిపించాలి. స్టీలు కనిపించిందంటే అది పూత. అయినా తొందరపడకండి. ‘పైపూత అలంకారానికే, అసలు రాగి లోపలి పొరలో ఉంది’ అని అవతలివాళ్లు వాదించే వీలుంది, అది నిజం కూడా కావచ్చు. పెనం అంచును భూతద్దంతో చూడండి. అంచు మడిచి మూయకపోతే రెండు తెల్ల గీతల నడుమ ఎర్రటి గీత సన్నగా కనిపిస్తుంది. కనిపించకపోతే తేల్చాల్సింది ల్యాబే.

ఇక చట్టం. వర్ణన చూసి కొన్న సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 చెబుతోంది. ఆ ఫొటో కూడా వర్ణనే. ప్రకటనలో చెప్పిన లక్షణాలు సరుకులో లేకపోతే అమ్మకందారు వాపసు తీసుకోను, డబ్బివ్వను అనడానికి వీల్లేదని 2020 ఈ–కామర్స్ నియమాలు అంటున్నాయి. 7 రోజుల గడువు వాళ్లు పెట్టుకున్న పద్ధతి. లోపం మీద ఫిర్యాదుకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ఇచ్చిన గడువు రెండేళ్లు.

ముందు ఆ ప్లాట్‌ఫాం గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయండి, చాలా తగాదాలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాళ్లు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. సరుకుకు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు (నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నాను). పరీక్ష అవసరమైతే కమిషనే పెనానికి సీలు వేసి ల్యాబుకు పంపుతుంది, 45 రోజుల్లో నివేదిక రావాలి. ఆ ఖర్చు ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు. అలాగని ఎవరో తెలిసినతనితో పెనాన్ని మీరే కోయించకండి, ‘అది మా సరుకే కాదు’ అనేస్తారు.

కొనేటప్పుడు చూడాల్సింది మెరుపు కాదు, మందం. రాగి స్టీలు కన్నా 20 రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేస్తుంది. పెనమంతా ఒకేలా కాలడానికి రాగి పెట్టేది అందుకే. మైక్రాన్లలో ఉండే పూతతో ఆ పని జరగదు. మంచి రాగి పెనాల్లో లోపల పలుచటి స్టీలు, బయట 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల రాగి ఉంటాయి, చేతికి బరువు తెలుస్తుంది. ‘కాపర్ ఫినిష్’, ‘కాపర్ కోటెడ్’ అని రాసి ఉంటే అది రంగు గురించిన మాటే, తర్వాత కోర్టులో మీకు పనికిరాదు. ‘కాపర్ కోర్’ అంటే పొర గురించి మాట ఇచ్చినట్టు. అది పక్క అంచుల దాకా ఉందా, అడుగున బిళ్లలోనే ఉందా అనేది కూడా తేల్చుకోవాలి. ఇండక్షన్ పొయ్యి ఉంటే అయస్కాంతం అడుగుకు గట్టిగా అంటుకోవాలి, రాగికి అది అంటదు.

డబ్బు కట్టే ముందు చాట్‌లో ఒక ప్రశ్న వేయండి: ‘ఇందులో రాగి మందం ఎన్ని మిల్లీమీటర్లు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?’ జవాబు వస్తే బిల్లుతో పాటు దాచుకోండి. ‘క్వాలిటీ సూపర్ మేడమ్’ అని వస్తే ఆ పేజీ మూసేయండి.