ఫ్లీస్ జాకెట్ మీద మిషన్‌తో డిజైన్ కుట్లు వేస్తే బట్ట అలలుగా లేస్తోంది, కుట్టు నూగులో మునిగిపోతోంది. ఏం చేయాలి?

ఫ్లీస్ అల్లిక బట్ట, సాగుతుంది. మిషన్‌లో సూది దగ్గర బట్టను నొక్కి పట్టే ప్రెజర్ ఫుట్ దాన్ని గట్టిగా నొక్కితే పై భాగం సాగి అలలు వస్తాయి. అందుకే ముందు ఫుట్ ఒత్తిడి తగ్గించండి, బట్టను చేత్తో లాగకండి.

అసలు పని స్టెబిలైజర్‌ది, అంటే కుట్టేటప్పుడు బట్ట కదలకుండా దన్నుగా పెట్టే పొరది. అడుగున చింపి తీసేసే రకం పెట్టండి. పైన నీళ్లలో కరిగే పల్చటి పొర పరిస్తే దారం నూగులో మునగదు. ఈ పై పొరను మాత్రం వదిలేయొద్దు, తేడా అంతా అక్కడే కనిపిస్తుంది.

సూది 90/14 సైజు బాల్‌పాయింట్ (మొన గుండ్రంగా ఉండేది) లేదా స్ట్రెచ్ (సాగే బట్టలకు వాడేది) రకం వాడండి. మొన తేలిన మామూలు సూదితో కుట్లు తప్పిపోవచ్చు. పైన 40 నంబర్ పాలిస్టర్ ఎంబ్రాయిడరీ దారం బాగుంటుంది. బాబిన్ దారం, అంటే అడుగు దారం, పైకి కనిపిస్తే పై దారం టెన్షన్ (బిగువు) కొద్దిగా తగ్గించండి.

డిజైన్ ఎంపికలోనే చాలామంది పొరబడతారు. పక్కపక్కనే దగ్గరగా పడే ఒత్తైన శాటిన్ కుట్టు బట్టను రెండు వైపుల నుంచీ లాగి గట్టు కట్టేస్తుంది. తీగలు, ఈకల్లాంటి విడివిడి కుట్లు, వెడల్పు జిగ్‌జాగ్ ఎంచుకుని, కుట్టు పొడవు కాస్త పెంచండి. అదే ఫ్లీస్ ముక్క మీద ముందు అరచేయంత కుట్టి చూడండి.

కాలర్, జేబు, ముందు పట్టీల మీద డిజైన్‌ను జాకెట్ జోడించకముందే, ముక్కలు చదునుగా ఉన్నప్పుడే కుట్టేయాలి. గీతలకు సుద్ద చాలు. ఇస్త్రీ నేరుగా పెట్టొద్దు, పాలిస్టర్ నూగు కరిగి మెరుపు మచ్చ పడుతుంది, అది పోదు.