‘ప్రొటెక్షన్’లో ఇద్దరు గాయనులు

ప్రశ్న: బ్రిస్టల్ నగరానికి చెందిన మాసివ్ అటాక్ బృందం 1994లో విడుదల చేసిన ‘ప్రొటెక్షన్’ ఆల్బమ్ ఈ మధ్యే విన్నాను. ట్రేసీ థార్న్ గొంతు నన్ను ఎంతగానో కదిలించింది గాని, నికొలెట్ పాట మొదలవగానే వేరే ఆల్బమ్‌లోకి వెళ్ళినట్లు అనిపించింది. ఇంత తేడా ఉన్న గొంతులను ఒకే చోట ఎందుకు చేర్చారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ఆ తేడా పొరపాటున వచ్చినది కాదనీ, ఆల్బమ్ దాని మీదే నిలబడిందనీ నా నమ్మకం. ఆ బృందం మొదటి ఆల్బమ్, 1991 నాటి ‘బ్లూ లైన్స్’లో ప్రధాన గాయని షారా నెల్సన్. ఆఫ్రికన్-అమెరికన్ల సోల్ సంగీతానికి తగిన నిండు గొంతుతో ఆమె ‘అన్‌ఫినిష్డ్ సింపతీ’ పాడిన తీరు మరొకరికి సాధ్యం కాదు. ఆమె సొంత ఆల్బమ్ వైపు వెళ్ళిన తర్వాత అలాంటి గొంతునే వెతకకుండా, ఆమెతో గాని ఒకరితో ఒకరికి గాని పోలిక లేని ఇద్దరిని తీసుకోవడం ఆ బృందం చేసిన మేలైన పని.

‘ఎవ్రీథింగ్ బట్ ది గర్ల్’ అనే సంగీత జంటలో ఒకరైన థార్న్ మంద్ర స్థాయిలో, అలంకారాలేవీ లేకుండా, ఎదుట కూర్చుని మాట్లాడుతున్నట్లు పాడతారు. ఎదుటివాడికి తగలబోయే దెబ్బకు తానే అడ్డు నిలుస్తానని ఒక స్త్రీ చెప్పే శీర్షిక గీతానికి సాహిత్యం కూడా ఆమెదే. ఏడు నిమిషాలు దాటి సాగే ఆ పాటలో ఆమె ఎక్కడా గొంతు హెచ్చించరు, అందుకే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. గ్లాస్గోలో పుట్టిన, నైజీరియా మూలాలున్న నికొలెట్‌ది పలుచని, వంకీలు తిరిగే గొంతు. పదాన్ని తాళానికి ఒక లిప్త వెనకగా వదిలే ఆమె పద్ధతి పాతకాలపు జాజ్ గాయనులను గుర్తుకు తెస్తుంది.

ఇక పాటల వరుస చూడండి. పది పాటలను ఐదేసి చొప్పున విడదీస్తే, రెండు సగాలనూ థార్న్ ఆరంభిస్తారు, రెండింటిలోనూ మూడో పాట నికొలెట్‌ది, నాలుగోది మాటలు లేని వాద్యసంగీతం, ఐదోది జమైకా గాయకుడు హోరెస్ ఆండీ పాట. రెండో స్థానంలో వచ్చే ‘కర్మకోమా’, ‘యూరోచైల్డ్’ పాటలలో బ్రిస్టల్ ర్యాపర్ ట్రికీ గొణుగుతున్నట్లు పలికే మాటలు ఆ ఇద్దరు గాయనుల నడుమ ఎడం కల్పిస్తాయి. ఇంత పొందికగా పేర్చిన ఆల్బమ్ నాకు అరుదుగా తారసపడింది.

ఈసారి ఆరో పాట ‘బెటర్ థింగ్స్’తో మొదలుపెట్టి, మధ్యలో దేన్నీ దాటవేయకుండా నికొలెట్ పాడిన ఎనిమిదో పాట ‘స్లై’ దాకా వినండి. ఆమె గొంతు అప్పుడు పరాయిదిగా తోచదు.