చల్లని అణువుల చదువు కూడు పెడుతుందా?

పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి ప్రశ్న: ‘మా అమ్మాయి ప్లస్ టూ. చల్లని అణువులతో ప్రకృతి సౌష్ఠవాల్ని పరీక్షించే ఫిజిక్స్ చదువుతానంటోంది. విశాఖలో సీఎస్‌ఈ ఏఐ సీటు రిజర్వ్ చేశాం. ఏది మేలు?’

మీరడిగింది ఏది మేలని. మీ భయం వేరు: ముప్పై దగ్గరపడినా పిల్ల చదువుతూనే ఉంటే చుట్టాలకేం చెప్పాలని. పీహెచ్‌డీ అంటే ఇంట్లో డబ్బు తీసుకుని చదవడం కాదండీ. జాతీయ పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, పైన ఇంటి అద్దె భత్యం.

పేరు గంభీరమే గానీ ఇది చేతిపని. రేడియం-225 కేంద్రకం బేరిపండు ఆకారంలో ఉంటుంది. కాలాన్ని వెనక్కి నడిపితే ప్రకృతి నియమాలు తేడాగా ఉంటాయా (మీ అమ్మాయి చెప్పే సౌష్ఠవ పరీక్ష ఇదే) అన్నది అలాంటి కేంద్రకంలో ఎక్కువగా బయటపడాలి. ఫ్లోరిన్‌తో అణువుగా కడితే ఆ జాడ ఇంకా పెరుగుతుంది. కానీ ఆ రేడియం అర్ధాయువు 15 రోజులే, అంటే ఆపాటికి సగం తరిగిపోతుంది. అందుకే చాలామంది చేయి తిరిగేది బేరియం, స్ట్రాన్షియం ఫ్లోరైడ్‌ల మీద.

చిన్న రాగి గదిని 4 కెల్విన్‌కి, అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కి దింపి, హీలియం వదిలి, లోపల పెట్టిన పదార్థపు బిళ్లని లేజర్ పల్స్‌తో కొడతారు. అలా వచ్చిన అణువులు హీలియం తగిలి చల్లబడతాయి. ఒకేచోట కొడితే గుంటపడి అణువులు తగ్గుతాయి, గురి జరపాలి. ఒకసారి బిగించిన రాగి గాస్కెట్‌ని మళ్లీ వాడితే లీకు. గ్లౌజ్ లేకుండా ముడితే వేలి జిడ్డుకే వాక్యూమ్ దిగదు. వారం వెతికి ఆ లీకు పట్టుకునే ఓపిక అమ్మాయికి ఉందా? ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ పాడైతే విప్పి చూసే రకమేనా? నాకు చెప్పాల్సిన సంగతి ఇదీ. మీరు రాయలేదు.

ఏఐ తోక తగిలించిన సీఎస్‌ఈ మీద నా అనుమానం దాచను. హయ్యెస్ట్ ప్యాకేజీ ఒక్కరిది. క్లాసులో సరిగ్గా మధ్యన ఉన్న కుర్రాడికి ఎంత వచ్చింది? ప్లేస్‌మెంట్‌కి పేరిచ్చింది ఎందరు, చేరింది ఎందరు? ఒకరికొచ్చిన మూడు ఆఫర్లని ముగ్గురుగా లెక్కేశారా? ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా ఎవరు చెబుతారు? ఇవేవీ అడక్కుండా, పిల్లనీ అడక్కుండా డబ్బెలా కట్టారండీ?

ఆ పరిశోధన ల్యాబ్‌లు ఎక్కువగా అమెరికా, యూరప్‌లలోనే ఉన్నాయి, నిజమే. పదిహేడేళ్లకే అక్కడికి గురిపెట్టనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ బరంపురం ఐసర్ మీకు దగ్గరే, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. అక్కడ లేజర్లు, వాక్యూమ్, పైథాన్ చేతికొస్తే రేపు రంగం మార్చినా ఆ పని చెల్లుతుంది. 2023లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పరిశోధన పథకం నేషనల్ క్వాంటమ్ మిషన్‌కి కావాల్సిందీ ఇలాంటి చేతులే.

విశాఖ కాలేజీలో ఫీజు వాపసు గడువు ఎప్పటిదాకానో మాత్రం ఈ రోజే కనుక్కోండి.